అడ్రసు ముందు, బస్సు తర్వాత: పాత మినీకంప్యూటర్లను సరిపోల్చే పద్ధతి

పాత మినీకంప్యూటర్లు రెండింటిని పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చాలంటే రెండు విషయాలు తెలియాలి. ప్రాసెసర్‌కూ మెమొరీకీ మధ్య ఒక వర్డు చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది మొదటిది. దాన్ని బస్సు వేగం అంటారు. ఒక ప్రోగ్రాము ఎంత మెమొరీని అందుకోగలదన్నది రెండోది. అది మెమొరీ అడ్రసింగ్. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు సాధారణంగా వేగం అంకె చూసి అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే అది కరపత్రంలోనే కనిపిస్తుంది. అడ్రసు సంగతికి కాస్త లెక్క వేయాలి, మాన్యువల్ తిరగేయాలి. అయితే 1965 నుంచి 1980 దాకా వచ్చిన మినీకంప్యూటర్లలో ఏది ఎన్నేళ్లు నిలిచిందో చూస్తే, దాన్ని ఎక్కువగా తేల్చింది ఆ రెండో లెక్కే. అందుకే ఈ అధ్యాయంలో దానికి మొదటి చోటు.

ఈ విషయం తెలుగు నేలకు పరాయిది కాదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్ దేశంలో మినీకంప్యూటర్లు తయారుచేసిన తొలి సంస్థ. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు, హైదరాబాదులోని ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద వెలసిందే. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12ను ఈసీఐఎల్ తయారీలోకి తెచ్చింది. 1969 నాటి ఆ యంత్రం 12 బిట్ల వర్డుతో పనిచేసేది. ఆ తర్వాత టీడీసీ-312, 1970ల నడుమ 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. విదేశీ కంప్యూటరు కొనాలంటే విదేశీ మారకద్రవ్యం దొరకని రోజులవి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లింది. అలాంటి కాలంలో ఇక్కడి ఇంజినీర్లు 12 నుంచి 16 బిట్లకు వేసిన అడుగు చిన్నదేమీ కాదు. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అంటే డెక్, అదే అడుగు వేసింది: 1965లో 12 బిట్ల పీడీపీ-8, 1970లో 16 బిట్ల పీడీపీ-11. ఈ డెక్ యంత్రాల మాన్యువల్స్ నేడు అందరికీ దొరుకుతున్నాయి కనుక అభ్యాసానికి ఇవే అనుకూలం.

మొదటి కొలత: ప్రోగ్రాముకు అందే మేర

12 బిట్లతో రాయగల అడ్రసులు 4,096. 16 బిట్లతో 65,536. నాలుగు బిట్లు పెరిగితే మెమొరీ పదహారు రెట్లు అందుతుంది. లెక్క ఇంతే అయితే ఒక్క వాక్యంతో అయిపోయేది. అసలు చిక్కు ఏమిటంటే, ఇన్‌స్ట్రక్షన్‌లో మొత్తం వర్డు అడ్రసుకే దక్కదు. ఏం చేయాలో చెప్పడానికి కూడా అందులోనే చోటు కావాలి.

పీడీపీ-8 ఇన్‌స్ట్రక్షన్‌ను ఒకదాన్ని విప్పి చూస్తే ఇది తెలుస్తుంది. ఆక్టల్‌లో 1250 అనే వర్డు తీసుకుంటే, బిట్లలో అది 001 010 101 000. మొదటి మూడు బిట్లు చేయాల్సిన పని: 001 అంటే కూడిక. నాలుగో బిట్ సున్నా, అంటే అడ్రసు నేరుగానే ఉంది. అయిదో బిట్ ఒకటి, అంటే ఇన్‌స్ట్రక్షన్ ఉన్న పేజీలోనే వెతకమని. మిగిలిన ఏడు బిట్లు ఆ పేజీలో స్థానం: ఆక్టల్‌లో 050. పేజీకి 128 వర్డులు. ఈ ఇన్‌స్ట్రక్షన్ 0412 అనే చోట ఉంటే ఆ పేజీ 0400 దగ్గర మొదలవుతుంది, కాబట్టి కూడాల్సిన అంకె 0450లో ఉంటుంది. అంటే 4,096 వర్డుల మెమొరీలో ఒక ఇన్‌స్ట్రక్షన్ నేరుగా చూడగలిగేది 256 వర్డులనే: తన పేజీలోని 128, సున్నా పేజీలోని 128.

మిగతా మెమొరీ కావాలంటే నాలుగో బిట్‌ను ఒకటి చేయాలి. అప్పుడు ఇన్‌స్ట్రక్షన్ 1650 అవుతుంది. ఇప్పుడు 0450లో ఉన్నది అంకె కాదు, అంకె ఉన్న చోటి అడ్రసు. పన్నెండు బిట్లూ అడ్రసుకే దక్కాయి కనుక 4,096లో ఎక్కడికైనా వెళ్లవచ్చు. దీనికి కట్టాల్సిన మూల్యం ఒక అదనపు మెమొరీ సైకిల్. తొలి పీడీపీ-8లో సైకిల్ 1.5 మైక్రోసెకన్లు. నేరుగా కూడితే రెండు సైకిళ్లు, అంటే 3 మైక్రోసెకన్లు. పరోక్షంగా కూడితే మూడు సైకిళ్లు, 4.5 మైక్రోసెకన్లు. అడ్రసు బిట్లు చాలకపోతే ఆ లోటు వేగం ఖాతాలోనే పడుతుంది. ఈ రెండు కొలతలనూ విడివిడిగా చదవకూడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

పోల్చేటప్పుడు ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. పీడీపీ-11 అడ్రసు 16 బిట్లు. 1969లో వచ్చిన డేటా జనరల్ వారి నోవా అడ్రసు 15 బిట్లు. మొదటిది రెండోదానికి రెట్టింపు అనిపిస్తుంది. కానీ పీడీపీ-11లో ఒక్కో అడ్రసు ఒక్కో బైటుకు, నోవాలో ఒక్కో అడ్రసు ఒక్కో 16 బిట్ల వర్డుకు చెందుతుంది. రెండూ కలిపి చూస్తే రెండింటికీ అందేది 32,768 వర్డులే, అంటే 64 కిలోబైట్లు. కాబట్టి పోలిక పట్టికలో బిట్ల సంఖ్య రాసేముందు అడ్రసు బైటుదా వర్డుదా అని పక్కన రాసుకోవడం తప్పనిసరి. పాత పుస్తకాల్లో ‘32కె’ అని మాత్రమే ఉంటే అది వర్డుల లెక్కే అనుకోవడం చాలాసార్లు సరిపోతుంది, అయినా మాన్యువల్‌లో సరిచూసుకోవాలి.

పీడీపీ-11 విషయంలో మరో తీసివేత కూడా ఉంది. ఆ యంత్రంలో పరికరాలకు వేరే ఇన్‌స్ట్రక్షన్లు లేవు. టెలిటైప్, డిస్కు, అన్నీ మెమొరీ అడ్రసుల్లాగే కనిపిస్తాయి. ఆక్టల్‌లో 177566 అనే చోట ఒక అక్షరం రాస్తే అది కన్సోల్ మీద అచ్చవుతుంది. ఎంతో అందమైన ఏర్పాటు ఇది. ప్రోగ్రాము రాసేవారికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. కానీ ఇందుకోసం పై అంచున 8 కిలోబైట్లు పరికరాలకు వదిలేయాలి. మెమొరీ సర్దుబాటు హార్డ్‌వేర్ లేని యంత్రంలో ప్రోగ్రాముకూ డేటాకూ మిగిలేది 56 కిలోబైట్లు.

రెండో కొలత: యంత్రానికి అందే మేర

ప్రోగ్రాముకు అందే మెమొరీ వేరు, పెట్టెలో బిగించగల మెమొరీ వేరు. పీడీపీ-8కు అదనపు హార్డ్‌వేర్ చేరిస్తే 4,096 వర్డుల ఫీల్డులు ఎనిమిది, మొత్తం 32,768 వర్డులు పెట్టవచ్చు. అయితే ఒక ఫీల్డు నుంచి మరో ఫీల్డుకు మారాలంటే ప్రోగ్రామే ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వాలి. పీడీపీ-11లో యునిబస్ అనే బస్సు మీద అడ్రసు తీగలు 18 ఉన్నాయి, అంటే 256 కిలోబైట్లు. 1972 నాటి 11/45లో మెమొరీ సర్దుబాటు యూనిట్ ప్రోగ్రాము ఇచ్చే 16 బిట్ల అడ్రసులో పై మూడు బిట్లను చూసి, ఎనిమిది పేజీల్లో ఏదో గుర్తించి, దాన్ని 18 బిట్ల అసలు అడ్రసుగా మార్చేది. 1975లో వచ్చిన 11/70లో అది 22 బిట్లయింది. నాలుగు మెగాబైట్లు బిగించే వీలు కలిగింది.

ఇంత పెరిగినా ఒక్కో ప్రోగ్రాము ఒక క్షణంలో చూసేది పాత 16 బిట్ల మేరనే. ఇన్‌స్ట్రక్షన్లకూ డేటాకూ వేర్వేరు మేరలు ఇచ్చినప్పుడు 64, 64 కలిసి 128 కిలోబైట్లు. ఎక్కువమంది ఒకేసారి పనిచేసే ఆఫీసుకు 11/70 గొప్ప యంత్రం. ఒకే ఒక్క పెద్ద లెక్క చేయాల్సిన శాస్త్రవేత్తకు మాత్రం అందులో అంత లాభం లేదు. పట్టికలో ఈ రెండు మేరలకు రెండు గడులు ఉండాలి; ఒకే గడిలో ‘4 మెగాబైట్లు’ అని రాస్తే చదివేవారు మోసపోతారు.

మూడో కొలత: బస్సు

బస్సు వేగానికి ఒక్క అంకె ఉండదు. ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు, మధ్య దూరమెంత అన్న మూడింటి మీద అది ఆధారపడుతుంది. యునిబస్‌లో మొత్తం 56 సిగ్నల్ తీగలు. అందులో 18 అడ్రసుకు, 16 డేటాకు, మిగిలినవి అదుపుకు. ఈ బస్సుకు గడియారం లేదు. అడిగేవారు అడ్రసు పెట్టి ‘ఎంసింక్’ అనే తీగ ఎత్తుతారు. ఇచ్చేవారు డేటా పెట్టి ‘ఎస్‌సింక్’ ఎత్తుతారు. తర్వాత మొదటివారు దించుతారు, ఆపైన రెండోవారు దించుతారు. కె.గంగవరం మండలంలోని కోటిపల్లి రేవులో పంటు కూడా ఇలాగే నడుస్తుంది: అవతల ముక్తేశ్వరం గట్టున బళ్లు దిగితేనే అది వెనక్కి తిరుగుతుంది, ఇవతల జనం ఎంత తొందరపడినా.

ఈ నాలుగు కదలికలకూ లెక్క కట్టవచ్చు. యునిబస్ గరిష్ఠ పొడవు 50 అడుగులు. తీగలో సిగ్నల్ అడుగుకు దాదాపు ఒకటిన్నర నానోసెకను తీసుకుంటుంది కనుక ఒక చివర నుంచి మరో చివరకు 75 నానోసెకన్లు. అడ్రసు పెట్టాక, తీగల మధ్య హెచ్చుతగ్గులు సర్దుకోవడానికి, అవతలివారు అడ్రసు గుర్తుపట్టడానికి కలిపి 150 నానోసెకన్లు ఆగాలి. ఎంసింక్ వెళ్లడానికి 75. కోర్ మెమొరీ నుంచి డేటా రావడానికి సుమారు 500. ఎస్‌సింక్ తిరిగిరావడానికి 75. డేటా తీగలు నిలకడ కావడానికి మరో 75. చివర రెండు దింపుళ్లకు 150. మొత్తం 1,025 నానోసెకన్లు, అంటే ఒక మైక్రోసెకనుకు కాస్త పైన. అదే మెమొరీని ప్రాసెసర్ పక్కనే, పది అడుగుల తీగలో పెడితే 785కు దిగుతుంది. రెండు పెట్టెలూ అవే, కార్డులూ అవే. తీగ పొడవు ఒక్కటే మారింది.

అయితే ఈ ఆదా చేతికి వస్తుందా అన్నది కోర్ మెమొరీని బట్టి ఉంటుంది. కోర్ అంటే తీగల వలలో గుచ్చిన చిన్న అయస్కాంత ఉంగరాలు. చదివితే ఉంగరంలో ఉన్నది చెరిగిపోతుంది, మళ్లీ రాయాలి. అందుకే కోర్ మెమొరీకి రెండు అంకెలు ఉంటాయి: డేటా చేతికి వచ్చే సమయం, మళ్లీ రాసి తర్వాతి పనికి సిద్ధమయ్యే సైకిల్ సమయం. తొలి పీడీపీ-11/20లో ఇవి సుమారు 0.5, 1.2 మైక్రోసెకన్లు. బస్సు 785 నానోసెకన్లలో పని ముగించినా, అదే మెమొరీని వెంటనే మళ్లీ అడిగితే అది 1.2 మైక్రోసెకన్లు నిండేదాకా సిద్ధం కాదు. ఇలాంటిచోట బస్సును ఎంత మెరుగుపరిచినా ఫలితం కనిపించదు. రెండు అంకెల్లో ఏది పెద్దదైతే అదే అసలు వేగం.

1970ల్లో సెమికండక్టర్ మెమొరీ వచ్చాక పరిస్థితి తిరగబడింది. 11/45లో వాడిన బైపోలార్ మెమొరీ సైకిల్ 300 నానోసెకన్లు. దాన్ని యునిబస్ చివర పెడితే బస్సు మర్యాదలకే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. అందుకే డెక్ ఇంజినీర్లు దానికి ప్రాసెసర్ నుంచి విడి దారి వేశారు. 11/70లో ఇంకా ముందుకెళ్లి, ప్రాసెసర్ దగ్గర 2 కిలోబైట్ల కాష్, మెమొరీకి 32 బిట్ల వెడల్పు దారి పెట్టారు. యునిబస్ నెమ్మది పరికరాలకు మిగిలింది.

బస్సు మీద ప్రాసెసర్ ఒక్కటే ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. ఆర్‌కే05 డిస్కు చదువుతున్నప్పుడు ప్రతి 11.1 మైక్రోసెకన్లకు ఒక వర్డు నేరుగా మెమొరీలోకి పంపుతుంది. దానికి పట్టే 1.2 మైక్రోసెకన్ల సైకిల్ ఆ వ్యవధిలో దాదాపు తొమ్మిదో వంతు. అంటే డిస్కు చదువుతున్నంతసేపూ ప్రాసెసర్‌కు మిగిలే మెమొరీ సమయం 89 శాతం.

కలిపి వేసే లెక్క

ఇప్పుడు ఒక చిన్న పని రెండు యంత్రాలతో చేయిస్తే ఏమవుతుందో చూడవచ్చు. మెమొరీలో ఒక చోటున్న వర్డును మరో చోటికి మార్చాలి. పీడీపీ-8లో ఇందుకు రెండు ఇన్‌స్ట్రక్షన్లు: ఒకటి కూడి తెచ్చుకోవడం, రెండోది దాచి రిజిస్టర్‌ను తుడిచేయడం. ఒక్కోదానికి రెండు సైకిళ్లు, మొత్తం నాలుగు, 1.5 చొప్పున 6 మైక్రోసెకన్లు. పీడీపీ-11/20లో ఒకే ఇన్‌స్ట్రక్షన్, కానీ అది మూడు వర్డుల పొడవు: పని ఒకటి, రెండు అడ్రసులు రెండు. వాటిని తెచ్చుకోవడానికి మూడు సైకిళ్లు, చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి. మొత్తం అయిదు, 1.2 చొప్పున 6 మైక్రోసెకన్లు. ప్రాసెసర్ సొంత పని కలిస్తే ఇంకా ఎక్కువే. అయిదేళ్ల తర్వాత వచ్చిన కొత్త యంత్రం ఈ పనిలో పాతదానికన్నా వేగం కాదు!

ఇక్కడ ఆగితే తీర్పు తప్పుతుంది. పీడీపీ-8 లెక్కలో రెండు చోట్లూ ఇన్‌స్ట్రక్షన్‌కు అందే 256 వర్డుల్లోనే ఉండాలి. వాటి బయట ఉంటే చెరొక సైకిల్ పెరిగి 9 మైక్రోసెకన్లు. పైగా కదిలింది 12 బిట్లే. పీడీపీ-11 అదే వేగంతో 16 బిట్లను, మొత్తం 64 కిలోబైట్లలో ఎక్కడినుంచి ఎక్కడికైనా చేరవేసింది. విలువలు రిజిస్టర్లలోనే ఉంటే ఒక్క సైకిల్‌తో పని అయిపోతుంది. సాధారణ పనికి దానికి వాడుకోగల రిజిస్టర్లు అనేకం ఉన్నాయి, పీడీపీ-8కు ఒక్కటే. కాబట్టి వేగాన్ని మైక్రోసెకన్లలో కాక, ఒక మామూలు ప్రోగ్రాములో ఎన్ని మెమొరీ సైకిళ్లు పడతాయన్న లెక్కలో చూడడం మేలు. అభ్యాసానికి పది ఇన్‌స్ట్రక్షన్ల చిన్న లూపును ఎంచుకుని, ప్రతి వరుస పక్కన సైకిళ్లు రాసి కూడడం మంచి పద్ధతి. కాగితం, పెన్సిల్ చాలు.

ఏ లోటు తీరుతుంది, ఏది తీరదు

బస్సు నెమ్మదైతే మందులు ఉన్నాయి: కాష్ పెట్టవచ్చు, విడి దారి వేయవచ్చు, వెడల్పు పెంచవచ్చు. ఇవేవీ పాత ప్రోగ్రాములను ముట్టుకోవు. అడ్రసు బిట్లు తక్కువైతే ఆ సౌకర్యం లేదు. అడ్రసు పొడవు ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌లో, ప్రతి రిజిస్టర్‌లో, ప్రతి పాయింటర్‌లో అల్లుకుపోయి ఉంటుంది. పీడీపీ-11 రూపకర్తల్లో ముఖ్యుడైన గోర్డన్ బెల్, బిల్ స్ట్రెకర్‌తో కలిసి 1976లో రాసిన పత్రంలో ఇదే ఒప్పుకున్నాడు: కంప్యూటరు డిజైన్‌లో కోలుకోవడం కష్టమైన తప్పు ఒక్కటే, అడ్రసు బిట్లు చాలకుండా పెట్టడమని. తమ యంత్రం గురించి ఇంత సూటిగా రాసిన రూపకర్తలు అరుదు. ఈ రంగం చదివే ప్రతి విద్యార్థీ ఆ పత్రాన్ని ఒక్కసారైనా చదవాలి.

ఆ లోటుకు జవాబుగా 1977 అక్టోబరులో డెక్ నుంచి వాక్స్-11/780 వచ్చింది. 32 బిట్ల అడ్రసు, నాలుగు గిగాబైట్ల మేర. బస్సు కూడా మారింది. గడియారంతో నడిచే ఎస్‌బీఐ, 200 నానోసెకన్లకు ఒక సైకిల్, 32 బిట్ల వెడల్పు. ఇక్కడ కూడా అంకెతో జాగ్రత్త అవసరం. సైకిల్‌కు నాలుగు బైట్ల చొప్పున చూస్తే సెకనుకు 20 మెగాబైట్లు. కానీ అడ్రసు కూడా అవే తీగల మీద వెళ్లాలి. ఎనిమిది బైట్లు రాయాలంటే అడ్రసుకు ఒక సైకిల్, డేటాకు రెండు. 600 నానోసెకన్లకు ఎనిమిది బైట్లు, అంటే 13.3 మెగాబైట్లు. పట్టికలో రాయాల్సింది ఇదే.

ఇంటి దగ్గర అభ్యాసం

కె.గంగవరం లాంటి ఊరిలో ఉన్న విద్యార్థికి ఈ యంత్రాలను చూసే అవకాశం దాదాపు లేదు. అయినా మామూలు ల్యాప్‌టాప్‌లో సిమ్‌హెచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే పీడీపీ-8, పీడీపీ-11, నోవా, వాక్స్ అన్నీ దానిలోనే నడుస్తాయి. పైన చెప్పిన 1250, 1650 ఇన్‌స్ట్రక్షన్లను 0412 దగ్గర పెట్టి ఒక్కొక్క అడుగు నడిపిస్తే తేడా కళ్లముందే కనిపిస్తుంది. పీడీపీ-11లో 177566కు ఒక అక్షరం పంపితే తెరమీద అది ప్రత్యక్షమవుతుంది. ఒక సాయంత్రం చాలు.

సిమ్‌హెచ్ అడ్రసింగ్‌ను నిజాయితీగా చూపిస్తుంది. బస్సు సమయాన్ని చూపించదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఎంత వేగంగా ఉంటే అంత వేగంగా నడిపేస్తుంది. అందుచేత సిమ్‌హెచ్‌లో రెండు యంత్రాలకు సమయం కొలిచి పోల్చడం అర్థంలేని పని. అడ్రసులు నేర్చుకోవడానికి సిమ్‌హెచ్, వేగం తేల్చడానికి మాన్యువల్‌లోని సైకిల్ సమయాలు: ఈ విభజన తప్పకూడదు.

డెక్ యంత్రాలకు ఇంత పని చేయగలుగుతున్నామంటే, వాటి మాన్యువల్స్‌ను దాచుకున్నవారు ఓపికగా స్కాన్ చేసి లోకానికి ఇవ్వడమే కారణం. హైదరాబాదులో తయారైన టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316లకూ అదే గౌరవం దక్కాలి. వాటి మీద పనిచేసి రిటైరైనవారి అటకల మీద, పాత కాలేజీల లైబ్రరీ బీరువాల్లో ఇన్‌స్ట్రక్షన్ పట్టికలు, సర్క్యూట్ చిత్రాలు, టైమింగ్ కాగితాలు ఉంటే, చెదలు పట్టకముందే వాటిని స్కాన్ చేయించి ఏదైనా విశ్వవిద్యాలయానికో మ్యూజియానికో అప్పగించాలి.